ఫ్రీజరుకూ ఫ్రీజరుకూ మధ్య దూరం

మద్యపాన నియంత్రణ, ప్రోత్సాహక శాఖ అని ఒక శాఖ ఉండేది. పేరులో రెండు పనులు పెట్టి జీతం మాత్రం ఒకటే ఇస్తున్నారని ఆ శాఖ ఉద్యోగులకు కొంచెం బాధ ఉండేది. ఒక ఎండాకాలం ఆ శాఖకు పెద్దవాళ్ల మీద జాలి పుట్టింది. అరవై దాటినవాళ్లు దుకాణాల ముందు మిట్టమధ్యాహ్నం వరసలు కడుతున్నారు. ఆ వరసలు మర్నాడు పేపర్లలో ఫొటోలై పడుతున్నాయి. ఇది మంచిది కాదనుకుని "ఇంటింటా పానీయ సౌలభ్య పథకం" ప్రకటించారు. అరవై నిండిన పౌరుడెవరైనా పీపా బీరును చల్లగా ఉంచి, కొళాయి తిప్పి గ్లాసులోకి పట్టుకునే పరికరం ఒకటి ఇంట్లో పెట్టుకోవచ్చు. చేయవలసిందల్లా దాన్ని నమోదు చేయించుకోవడం.

రేవుపాలెం మొత్తానికి నమోదు చేయించుకున్న మనిషి ఒక్కడే. ఆయన పిన్నింటి వరహాలరావు మాస్టారు.

మాస్టారు పాలిటెక్నిక్‌లో ముప్పైనాలుగేళ్లు శీతలీకరణ పాఠం చెప్పి రిటైరయ్యాడు. ఫారం అంటూ ఒకటి ఉన్నాక దాన్ని నింపకుండా వదిలేయడం ఆయనకు కంచంలో అన్నం వదిలేసినట్టు ఉంటుంది. పరికరం పొడవు, వెడల్పు, లోపలి ఉష్ణోగ్రత, తయారీకి వాడిన చెక్క రకం, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి, అడగకపోయినా ఒక బొమ్మ కూడా గీసి ఇచ్చి వచ్చాడు.

"దారినపోయే కంపని పిలిచి మరీ పంచెకి తగిలించుకున్నారు మాస్టారూ," అన్నాడు పక్కింటి సాల్మన్ రాజు. ఆయన గూడ్సు బండి మీద గార్డుగా చేసి రిటైరైన మనిషి. "నా సర్వీసులో, కాయితం మీదకెక్కిన పెట్టె ఒక్కటీ దిగాల్సిన స్టేషన్లో దిగలేదు."

"ఉన్నది ఉన్నట్టు రాశాను రాజుగారూ. తప్పేముంది?"

"అదే."

ఆ పరికరంగా మారిన ఫ్రీజరు నిజానికి మాస్టారి భార్య ఇందుమతిది. మూత పైకి తెరుచుకునే పెట్టె రకం, పొడవు నాలుగడుగులు. వేసవి సెలవుల్లో ఆవిడ అందులో పాల ఐసు, బెల్లం కొబ్బరి ఐసు పుల్లలకు గడ్డకట్టించి కాలనీ పిల్లలకు అమ్మేది. అమ్మేది అనడం మాటవరసకే. చిల్లర లేని పిల్లలకు ముందు ఇచ్చి, చిల్లర ఉన్నవాళ్లను కాసేపు నిలబెట్టేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవిడ పోయిన నెల రోజులకే మాస్టారు ఫ్రీజరు కట్టేశాడు. ఖాళీ ఫ్రీజరు నడపడం కరెంటు దండగ అని పాఠం చెప్పిన మనిషి కదా. కట్టేశాక గాని తెలియలేదు, ఇన్నేళ్లూ ఇంట్లో నిశ్శబ్దం అని తాననుకున్నది ఆ ఫ్రీజరు గుర్రుమనే చప్పుడని. అది ఆగాక వచ్చిన అసలు నిశ్శబ్దం ఆయనకు పడలేదు.

మళ్లీ వేద్దామంటే కారణం కావాలి. కారణం సాల్మన్ రాజు తెచ్చిపెట్టాడు. హైవే పక్కన కొత్తగా పెట్టిన చిన్న బీరు కార్ఖానాలో ఆయన మేనల్లుడు పని చేస్తున్నాడు. అక్కడ ఇరవై లీటర్ల స్టీలు పీపాలో పోసి ఇంటికి ఇస్తారు. శనివారం సాయంత్రం ఇద్దరు ముసలివాళ్లకు తలొక గ్లాసు. పీపా నిలవ ఉండాలంటే చల్లగా ఉండాలి, చల్లగా ఉండాలంటే ఫ్రీజరు నడవాలి. సిద్ధాంతం కుదిరింది.

పనిలో ఒక చిక్కుంది. అలాంటి ఫ్రీజరు గోడకు బెజ్జం వేస్తే లోపలి గ్యాసు గొట్టం తెగి పెట్టె చస్తుంది. అందుకని పెట్టెకూ మూతకూ మధ్య నాలుగు వైపులా ఒక చెక్క చట్రం బిగించి, కొళాయిని ఆ చెక్కకు పెట్టాలి. చెక్క కోసం అటక మీద వెతికితే వంటింటి పాత గడప దొరికింది.

ముప్పై ఏళ్ల కాపురంలో ఇందుమతి మీద మాస్టారు నెగ్గిన వాదాలు రెండే. ఒకటి ఆ గడప. నేలకు టైల్సు వేయించినప్పుడు, వంటింటి గుమ్మాన్ని వెడల్పు చేసి గడప తీయించేద్దామని ఆయన, గడప లేని గుమ్మం ఏం గుమ్మమని ఆవిడ. చివరికి, పారేయకుండా అటకెక్కిస్తేనే అన్న షరతు మీద ఆవిడ ఊరుకుంది. రెండోది సాయంత్రం నడక. ఆయనకు షుగరు బయటపడ్డ నాటి నుంచి ఆవిడ రోజూ, "నాలుగడుగులు నడిచి రండి" అనేది. ఈయన రోజూ "రేపట్నుంచి" అనేవాడు. పదకొండేళ్లు అలా నెగ్గుకొచ్చాడు.

గడప మంచి టేకు. ప్రతి శుక్రవారం ఆవిడ పసుపు రాసీ రాసీ, రంపపు మిల్లులో నిలువునా పలకలు కోయిస్తుంటే పొట్టు కూడా పసుపుగానే రాలింది. పసుపు బాగా పట్టిన పలకకు బెజ్జం వేయడానికి మాస్టారికి చెయ్యి రాలేదు. దాన్ని ముందువైపు బిగించి, కొళాయిని వెనకవైపు పలకకు పెట్టాడు. లోపల పీపా, దాని పక్కన బీరును కొళాయిలోకి తోసే చిన్న గ్యాసు సిలిండరు, చలిని నాలుగు డిగ్రీల దగ్గర ఆపే చిన్న డబ్బా. స్విచ్చి వేశాడు. పెట్టె ఒకసారి ఒణికి, గొంతు సవరించుకుని, గుర్రుమంది. మాస్టారు ఎదురుగా కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం మూడింటికే హాయిగా నిద్రపోయాడు.

ఆ శుక్రవారం పనిమనిషి నూకాలు ఫ్రీజరు ముందు పలకకు పసుపు రాసి, అయిదు కుంకుమ బొట్లు పెట్టి, మూత మీద ఒక మందార పువ్వు పెట్టింది.

"ఇదేమిటే నూకాలూ?"

"గడప బాబూ."

"ఇప్పుడది గడప కాదే. బీరు ఫ్రీజరు."

"తమరికి బీరేమో. నాకు అమ్మగోరి గడపే. శుక్రారం పూట గడపకి బొట్టెట్టకండా నాను సీపురు ముట్టుకోను."

చీపురు ముట్టుకోకపోతే ఇల్లు ఏమవుతుందో మాస్టారికి తెలుసు.

తనిఖీకి శాఖవారు వచ్చింది కూడా శుక్రవారమే.

ఇన్‌స్పెక్టరు ధనుంజయ ఇస్త్రీ మడత చెదరని మనిషి. పంచనామాకు సాక్షులు కావాలని వీధిలో కనిపించిన సాల్మన్ రాజునూ, ఇస్త్రీ బండి అతన్నీ లోపలికి పిలిచి, కానిస్టేబులుకు చెప్పి రాయించడం మొదలెట్టాడు.

"సదరు గృహము హాలు నందు, కిటికీకి సమీపమున, తెల్లని వర్ణము కలిగి, ఎడతెగక గుర్రుమను శబ్దము చేయుచున్న పెట్టె యొకటి గమనించడమైనది. దాని వెనుక భాగమున కొళాయి యొకటి కలదు. కొళాయి నుండి వచ్చునది బీరు అని..." గ్లాసులో రెండు చుక్కలు పట్టించి, వాసన చూసి, "...విశ్వసించడమైనది."

చెబుతూ ముందువైపుకు వచ్చి ఆగిపోయాడు.

"ఏమిటిది?"

"పసుపండి," అన్నాడు మాస్టారు.

"ఎవరు పెట్టారు?"

"నానే బాబూ," అంది నూకాలు, కొంగు సర్దుకుని ముందుకొచ్చి. "పతీ శుక్రారం ఎడతాను. గడపంటే లచ్చిందేవి కదా."

ఇన్‌స్పెక్టరు బూట్లు విప్పాడు. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత బూట్లు తొడుక్కుని కేసు రాశాడు.

"చూడండి మాస్టారూ. పదకొండో నిబంధన. ఏ పానీయ కేంద్రమూ ప్రార్థనా స్థలానికి వంద మీటర్ల లోపు ఉండరాదు."

"ఇది ఇల్లండీ."

"ఇల్లే. కాని నియమంగా, వారం వారం, ఒకే చోట పూజ జరిగితే అది ప్రార్థనా స్థలమని నిర్వచనం ఉంది. ఈవిడ వాంగ్మూలం ఇచ్చింది."

"మరి పానీయ కేంద్రం?"

"ఈ పెట్టె."

"ప్రార్థనా స్థలం?"

"అదీ ఈ పెట్టే. అందుకే కదా వ్యవహారం ఇంత తీవ్రంగా ఉంది. గుడికి నలభై మీటర్లలో ఉన్న దుకాణం పట్టుకున్నాను. ఇరవైలో ఉన్నదాన్నీ పట్టుకున్నాను. సున్నా మీటర్లలో దొరకడం నా సర్వీసులో ఇదే."

మాస్టారు పలక వంక చూసి, "పోనీ, ఆ పసుపు తుడిచేస్తే?" అన్నాడు. నూకాలు చెవులు మూసుకుంది.

"ఆ మాట నేను విన్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి. "ప్రార్థనా స్థలాన్ని చెరపడం వేరే చట్టం కింద ఇంకా పెద్ద నేరం. మీరు చదువుకున్నవాళ్లు."

నోటీసు అక్కడికక్కడే ఇచ్చాడు. పదిహేను రోజుల్లో సదరు పానీయ కేంద్రమును సదరు ప్రార్థనా స్థలమునకు వంద మీటర్ల దూరమునకు తరలించవలెను. లేనిచో పానీయ కేంద్రము జప్తు చేయబడి, రోడ్డు రోలరు కింద తొక్కించబడును.

మాస్టారు చివరి మాట దగ్గరే మూడుసార్లు ఆగాడు. బీరు పోతే పోయింది. మొన్న మొన్నటిదాకా ఆయనకు బీరే లేదు. కాని ఆ పెట్టె మూత మీద ఎడమవైపు ఒక సొట్ట ఉంది. ఐసు కోసం పోటీపడి ఇద్దరు పిల్లలు మూత మీదకెక్కి కూర్చున్నప్పుడు పడింది. ఇందుమతి వాళ్లను ఒక్క మాట అనకుండా, ఆ సొట్టలో చెంచా పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. దాని మీద రోలరు ఎక్కించడమన్నది ఆయన ఊహకు అందలేదు. రాత్రికి అన్నం సగమే తిన్నాడు.

మర్నాడు పవిత్ర స్థలాల గుర్తింపు, పర్యవేక్షణ శాఖకు వెళ్లాడు. ఇది ప్రార్థనా స్థలం కాదని ఒక్క ముక్క రాసిస్తే సరిపోతుందని ఆయన ఆశ. అక్కడి అధికారిణి వకుళాదేవి ఆయన చెప్పింది పూర్తిగా విని, లేచి నిలబడింది.

"కూర్చోండి మాస్టారూ, ముందు కూర్చోండి. ఈ ఏడు కొత్త స్థలాలు గుర్తించి పంపమని పైనుంచి ఒకటే ఒత్తిడి. మా డివిజను నుంచి ఇంతవరకు ఒక్కటీ వెళ్లలేదు. దేవుడిలా వచ్చారు."

"కాదని రాసిస్తారని వచ్చానండీ."

"కాదని రాయడానికి మా దగ్గర ఫారం లేదు."

ఆ సాయంత్రమే ఆవిడ స్వయంగా వచ్చి, ఫ్రీజరు చుట్టూ మూడుసార్లు తిరిగి, మూత మీద అరచెయ్యి ఆనించింది. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి.

"ప్రకంపనలు."

"కంప్రెసరండీ."

"మీరు సైన్సు మనిషి, అలాగే అంటారు," అంటూ "నిరంతర ప్రకంపనలు కలవు" అని రాసుకుంది. "ఇంత ఎండలో ఈ చల్లదనం?"

"ఫ్రీజరండీ."

"సహజ శీతల స్పర్శ," అని ఇంకో గడిలో రాసుకుంది.

మాస్టారు నిజాయితీ చంపుకోలేక, "అమ్మా, దీని లోపల బీరుంది," అన్నాడు.

"లోపల ఏముందన్నది మా శాఖ పరిధిలోకి రాదు," అంది వకుళాదేవి ప్రశాంతంగా.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. శ్రీ గడప మహాలక్ష్మి సన్నిధి, క్రమసంఖ్య ఒకటి. స్థిర సన్నిధిగా గుర్తించబడినది. బొటనవేలి వెడల్పు కూడా కదిలించరాదు. కదిలించినచో జప్తు.

ఆ కాయితం పట్టుకుని మాస్టారు ఇన్‌స్పెక్టరు దగ్గరికి పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని కళ్లకద్దుకుని చదివాడు.

"చాలా సంతోషం. మా నోటీసుకు దీనికీ పేచీ ఏముంది? పైనున్న సన్నిధిని కదిలించమని నేనన్నానా? కింద ఉన్న పానీయ కేంద్రాన్నే కదా తరలించమన్నాను."

మాస్టారు ఇంటికొచ్చి రెండు శాఖలకూ ఒకే ఉత్తరం రాశాడు. ఒక వస్తువును ఎక్కడికి జరిపినా, ఆ వస్తువుకూ దానికీ మధ్య దూరం మారదని, ఇది తన అభిప్రాయం కాదని, భౌతిక శాస్త్రమని మనవి చేశాడు. కింద బొమ్మ గీశాడు. నాలుగో రోజు మద్యపాన శాఖ నుంచి జవాబు వచ్చింది. "తమ వివరణ సంతృప్తికరముగా లేదు. వంద మీటర్లు ఒక్కసారిగా కష్టమైనచో మొదటి విడతగా యాభై మీటర్లు జరిపి ఫొటో పంపవలెను."

"చెప్పానా?" అన్నాడు సాల్మన్ రాజు. "మాలు ఒక స్టేషన్లో, కాయితం ఒక స్టేషన్లో."

వకుళాదేవి ఆఫీసు మూసి ఉండే ఆదివారం నాడు ఇన్‌స్పెక్టరే నలుగురు హమాలీలను వెంటపెట్టుకుని వచ్చాడు, నమూనా తరలింపు చేసి చూద్దామని. పీపా తీసి, పెట్టెను తాళ్లతో కట్టి భుజాలకెత్తారు. నూకాలు అడ్డం పడి, ఊరికే తీసుకెళ్తే కీడు జరుగుతుందని ముందు దిష్టి తీసింది. వీధిలోకి వచ్చేసరికి ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరో హారతి పట్టారు. ఇంకెవరో కొబ్బరికాయ కొట్టారు. పక్క వీధిలో పెళ్లికి వాయించి వస్తున్న సన్నాయి మేళం, పల్లకి లాంటిదేదో భుజాల మీద కనపడగానే, అలవాటు కొద్దీ ముందు నిలబడి వాయించేసింది. సాల్మన్ రాజు ఇంట్లోంచి తన పాత పచ్చజెండా తెచ్చి ముందు నడిచాడు. మాస్టారు మాత్రం పెట్టె పక్కనే, దాని సొట్ట మీద చెయ్యి తీయకుండా నడిచాడు.

వీధి చివర నీళ్ల ట్యాంకు దగ్గర దించారు. ఇన్‌స్పెక్టరు టేపు తీశాడు. ఒక కొస పట్టుకుని ఎక్కడ పెట్టాలా అని కాసేపు అటూ ఇటూ చూశాడు. పసుపు బొట్టు దగ్గర ఒక కొస పెట్టి, వెనకకు తిరిగి కొళాయి దగ్గర రెండో కొస పెట్టాడు.

"అరవై సెంటీమీటర్లు. ఇంట్లో ఎంతుండేది?"

"అరవయ్యే అండీ."

"నోటీసులో సున్నా అని రాశాను. ఆ మేరకు మీకు న్యాయం జరిగినట్టే," అన్నాడు ఇన్‌స్పెక్టరు టేపు చుడుతూ. "కాని ఇంత దూరం మోసినా తరలింపులో ఏమాత్రం పురోగతి లేదు. ఇది మీ సహాయ నిరాకరణ కిందికి వస్తుంది." హమాలీలు పెట్టెను మళ్లీ ఇంటికి మోసి హాల్లో పెట్టారు.

సోమవారం వకుళాదేవి నుంచి మెమో వచ్చింది, అనుమతి లేకుండా ఊరేగింపు జరిపినందుకు. గడువు ఇంక నాలుగు రోజులు. రోలరు బుధవారమే వచ్చి వీధి మొదట్లో ఆగింది. రోడ్డు వేస్తున్నారేమోనని కాలనీవాళ్లు సంతోషించారు.

ఆఖరికి రెండు శాఖలూ కలిసి ఉమ్మడి సర్వే చేయించాలని నిర్ణయించాయి. గురువారం పదకొండున్నరకు సర్వేయరు తిరుపతయ్య వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, రెండు మోకాళ్లూ నెప్పి. బస్సు దిగి ఎండలో నడిచొచ్చాడు. వచ్చిన పనేమిటో అడక్కముందే మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి, ఉప్పూ కరివేపాకూ వేసిన మజ్జిగ పెద్ద గ్లాసుతో ఇచ్చాడు.

హాల్లో ఇన్‌స్పెక్టరూ వకుళాదేవీ నిబంధనలతో తలపడుతున్నారు.

"కదలక తప్పదు మేడం."

"కదిలితే ఊరుకోను."

"రోలరు అద్దెకు తెచ్చాం."

"సన్నిధి మీదికి రోలరు ఎక్కిస్తారా? రాసివ్వండి ఆ మాట."

తిరుపతయ్య వీపును ఫ్రీజరుకు ఆనించుకుని నేల మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. వీపుకు చల్లగా ఉంది. పెట్టె గుర్రుమంటోంది.

"ఎవరి గడప మాస్టారూ ఇది?" అన్నాడు మెల్లిగా.

"మా ఆవిడది."

తిరుపతయ్య గోడ మీద ఫొటో వంక చూశాడు. మజ్జిగ ఒక గుక్క తాగి, "ఎక్కడుండేది?" అన్నాడు.

మాస్టారు హాలుకూ వంటింటికీ మధ్య వెడల్పు గుమ్మం చూపించాడు.

"ఆ గుమ్మం ఎంతుంటుంది?"

"నాలుగడుగులు. పైన రెండు వేళ్లు."

"పెట్టె?"

"నాలుగడుగులు."

"వంటింటికి వెనక తలుపుందా?"

"ఉంది. వెనక సందులోకి."

గోడకు గోడ ఆనించి కట్టిన కాలనీ ఇళ్లు అవి. ముందు గుమ్మం నుంచి వెనక సందులోకి వెళ్లాలంటే వరస మొత్తం చుట్టి రావాలి. తిరుపతయ్య రెండో గ్లాసు మజ్జిగ అడిగి పుచ్చుకుని, అది పూర్తిగా తాగి, మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"సార్, దూరం ఎలా కొలవాలని ఉందో ఆ నిబంధన ఒకసారి చదవండి."

ఇన్‌స్పెక్టరు చదివాడు. "ప్రార్థనా స్థలము నుండి పానీయ కేంద్రము వరకు, సామాన్య పాదచారి మామూలుగా నడిచే దారి వెంబడి కొలవవలెను."

"టేపు లాగి కొలవమని లేదు కదా?"

"లేదు."

"అయితే పెట్టెను ఆ గుమ్మంలో అడ్డంగా పెట్టండి. పసుపు హాలు వైపు, కొళాయి వంటింటి వైపు."

"కదిలించడానికి వీల్లేదు," అంది వకుళాదేవి.

"గడప తన గుమ్మంలోకి తను వెళ్తే కదిలించినట్టా తల్లీ?"

వకుళాదేవి కలం గడ్డానికి ఆనించి ఆలోచించింది. "కాదు. అది పునఃప్రతిష్ఠ. దానికి ఫారం ఉంది."

పెట్టెను గుమ్మంలోకి నెట్టారు. ఎవరో కొలిచి చేసినట్టు ఇమిడిపోయింది. అప్పుడు తిరుపతయ్య కొలత చక్రం పట్టుకుని పసుపు బొట్టు దగ్గర మొదలెట్టాడు. హాలు దాటి, ముందు గుమ్మం దిగి, ఎండలో వీధి వెంబడి, వరస చివర మలుపు తిరిగి, వెనక సందులోకి వచ్చి, ఆరేసిన బట్టల కింద వంగి, వెనక తలుపు లోంచి వంటింట్లోకి, కొళాయి దాకా. కుంటుతూనే నడిచాడు. వెనక ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక గొడుగుతో వకుళాదేవి, ఆ వెనక మాస్టారు, అందరి వెనకా జెండాతో సాల్మన్ రాజు.

"నూట పన్నెండు మీటర్లు," అన్నాడు తిరుపతయ్య.

ఇన్‌స్పెక్టరు పెట్టె వంక అనుమానంగా చూశాడు. "హాల్లోంచి పెట్టె ఎక్కి ఇటు దిగితేనో?"

"సామాన్య పాదచారి ఫ్రీజరు ఎక్కడు సార్."

"దూకితే?"

"దూకేవాడు అసామాన్యుడు. వాడికి మీ నిబంధన వర్తించదు."

ఇన్‌స్పెక్టరు నిబంధన మళ్లీ చదువుకున్నాడు. అందులో దూకడం గురించి ఏమీ లేదు. పెద్ద బరువు దిగినట్టు నిట్టూర్చి సంతకం పెట్టాడు. వకుళాదేవి కూడా పెట్టింది. ఒకే కాయితం మీద ఆ రెండు శాఖల సంతకాలు పడటం అదే మొదటిసారని అందరూ చప్పట్లు కొట్టారు. పని లేక రోలరు వెళ్లిపోయింది.

ఉత్తర్వులో షరతులున్నాయి. పరికరం యజమాని సన్నిధి వైపు నుంచి కొళాయి వైపుకు నూట పన్నెండు మీటర్ల అధికారిక మార్గం గుండానే రావలెను. ప్రతి గ్లాసుకు ఒక పర్యాయము నడవవలెను. దారిలో గ్లాసు ఖాళీగా ఉండవలెను. పెట్టె ఎక్కుట, దూకుట, దాటుట నిషిద్ధము.

"మరి కాపీ నీళ్లో?" అంది నూకాలు. "కాపీ కోసం కూడా ఊరంతా తిరగాలేటి?"

"పైనుంచి చేతికి అందించడం నడక కిందికి రాదమ్మా," అన్నాడు తిరుపతయ్య చక్రం మడుస్తూ. అది కూడా ఉత్తర్వు చివర ఒక లైను రాశాడు, ఎవరూ అడక్కుండానే. పోతూ పోతూ మాస్టారితో, "మజ్జిగ బావుంది," అన్నాడు. అంతే.

అప్పట్నుంచి శనివారం సాయంత్రం ఆరింటికి వరహాలరావు మాస్టారు ఖాళీ గ్లాసు పట్టుకుని ముందు గుమ్మం దిగుతాడు. పక్కన సాల్మన్ రాజు. మొదట్లో ఇద్దరే నడిచేవారు. సన్నిధి దగ్గర మొదలై సన్నిధి దగ్గరే ముగిసే నడక కనక అది ప్రదక్షిణమేనని కాలనీ ఆడవాళ్లు తేల్చుకున్నారు. ఇప్పుడు వెనక పదిమంది నడుస్తున్నారు. అందులో ముగ్గురికి మోకాళ్ల నెప్పులు తగ్గాయని వకుళాదేవి పైకి నివేదిక పంపింది. ప్రోత్సాహక శాఖవారు పౌరుల్లో పథకం పట్ల పెరుగుతున్న ఆదరణ అని అదే గుంపు ఫొటో పంపారు. రెండూ ఒకే అల్మారాలోకి చేరాయి.

వంటింట్లోకి వెళ్లాలంటే వేరే దారి లేక మిగతా రోజుల్లోనూ మాస్టారికి ఆ చుట్టు తప్పడం లేదు. నెలకోసారి చూపించుకునే డాక్టరు ఈసారి రక్తపరీక్ష కాయితం రెండుసార్లు చూసి, "నడుస్తున్నారా?" అన్నాడు.

"ప్రభుత్వ ఉత్తర్వండీ," అన్నాడు మాస్టారు.

మొన్న శనివారం గ్లాసులు అయిపోయాక సాల్మన్ రాజు కొళాయి వంక చూసి, "ఇంకోటి వేద్దామా మాస్టారూ?" అన్నాడు. తర్వాత తనే గుర్తు తెచ్చుకుని, "ఒద్దులెండి. మళ్లీ చుట్టు తిరగాలి," అన్నాడు.

"మీరు కూర్చోండి," అని మాస్టారు లేచాడు. గ్లాసు తీసుకోలేదు. ఒక్కడే వెనక తలుపు దాటి, సందు వెంబడి, వీధిలోకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే చుట్టు తిరిగి, ముందు గుమ్మం ఎక్కి హాల్లోకి వచ్చాడు. గడప దగ్గర నిలబడ్డాడు. నిన్నటి పసుపు ఇంకా పచ్చగానే ఉంది. గుమ్మంలో గడప ఉంది, తను నడిచొచ్చాడు. తను నెగ్గిన వాదాలు ఆ రెండే.

మూత మీద, సొట్ట దగ్గర చెయ్యి వేశాడు.

"నెగ్గావులే," అన్నాడు.

ఫ్రీజరు గుర్రుమంది.